పప్పుకు పరీక్ష, పసరుకు మైకు

గుండె నాళాల్లో పేరుకున్న కొవ్వును కరిగించే సాధనాలు లోకంలో చాలానే ఉన్నాయి గానీ, వాటన్నిటిలోకీ చౌకైనది మైకు. తాండూరు అంగడి రోజున ఆటో వెనక కట్టి ఆన్ చేస్తే చాలు. బ్లాకులు కరుగుతయి, చిక్కబడ్డ రక్తం పలుచనైతది, నరాల గుంజుడు పోతది, బీపీ నార్మల్‌కొస్తది, పక్షవాతం పడ్డ చెయ్యి లేస్తది. గుండె, మెదడు, కిడ్నీలు, మోకాళ్లు, వీలు చిక్కితే సంసారం కూడా ఒకే సీసాలో బాగుపడతాయి. కోత లేదు, కుట్టు లేదు, స్కానింగు లేదు. ఇంత పని చేసే మందుకు సాక్ష్యం ఏదని అడగడం మర్యాద కాదు. అయినా అడుగుతాను. నా మర్యాద సంగతి చదివేవాళ్లకు కొత్తేమీ కాదు.

సీసాలో ఏముందో అమ్మేవాడు చెప్పడు. ‘అనంతగిరి మూలిక’ అంటాడు, అంతే. వికారాబాద్ జిల్లాలో ఆ ఒక్క మాటకే సగం జబ్బు కుదురుతుంది. మూసీ పుట్టిన కొండ, అనంతపద్మనాభుడు వెలసిన కొండ, అడవి నిండా ఔషధాలున్నాయని తాతల కాలం నుంచి పేరుపడ్డ కొండ. శనాదివారాల్లో హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు అంగడి సీసా కొనరు, అది నాటు సరుకు. వాళ్ల కోసం అదే చెట్టు బెరడు క్యాప్సూల్‌లోకి దూరి, ఆకుపచ్చ అట్టపెట్టెలో పడుకుని, వంద రూపాయల దగ్గర్నుంచి వేయి రూపాయలకు ఎగబాకి ఉంటుంది. సాక్ష్యం మాత్రం రెండిటికీ ఒకటే. మైకులో అరిచినది కింద, ఇంగ్లిషులో అచ్చేసినది పైన.

ఆ సాక్ష్యాలేమిటో వరసగా చూద్దాం. మొదటిది వయసు. మూడు వేల ఏండ్ల నాటి మందట. బీపీకి మూడు వేల ఏండ్ల నాటి మందు! చేతికి పట్టీ కట్టి బీపీ కొలిచే పద్ధతిని ఇటలీలో రివా రొచ్చి చెప్పింది 1896లో. స్టెతస్కోపు ఆనించి పై లెక్క, కింది లెక్క వినే విద్యను రష్యా వైద్యుడు కొరొత్కోవ్ చెప్పింది 1905లో. అంటే మన మూలిక, కొలిచే పరికరమే లేని రోగాన్ని రెండు వేల తొమ్మిది వందల ఏండ్ల పాటు తగ్గిస్తూ వచ్చిందన్నమాట. ఎంత తగ్గించిందో అడగకండి. పాతబడిన ప్రతిదీ నిజమైతే దొమ్మలకు వాతలు పెట్టడం ఇవాళ్టికీ జిల్లా ఆస్పత్రిలో ఒక విభాగంగా ఉండేది.

రెండో సాక్ష్యం బామ్మర్ది. ప్రతి అమ్మకందారుకూ ఒక బామ్మర్ది ఉంటాడు.

“మా బామ్మర్దికి రెండొందల బీపీ ఉండె సార్. డాక్టర్లు చేతులెత్తేసిన్రు. మూడు సీసాలల్ల నూటముప్పైకి దిగింది. కావాల్నంటే ఫోన్ చేసి అడుగు.”

ఫోన్ చేయనక్కర్లేదు. నమ్ముతాను. ఆ రెండొందలు ఎప్పుడు కొలిచారు? తల తిరిగి, కళ్లు బైర్లు కమ్మి, ఇంటిల్లిపాది ఏడుస్తుంటే ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తిన రోజున. ఆ స్థితిలో ఎవరికి కొలిచినా ముల్లు పైకే పోతుంది. మళ్లీ ఎప్పుడు కొలిచారు? నెల తర్వాత, కూర్చోబెట్టి, నిమ్మళంగా. బీపీ పొద్దున ఒకటి, మాపటికి ఒకటి, డాక్టరు ముందు ఇంకొకటి. శిఖరం మీద కొలిచినదాన్ని మళ్లీ ఎక్కడ కొలిచినా కొంత కిందికే ఉంటుంది, మధ్యలో తాగింది పసరైనా పచ్చిమంచినీళ్లైనా. అందుకే పరీక్ష అన్నవాడు రెండు గుంపులు పెడతాడు. ఒక గుంపుకు మందు, ఇంకొక గుంపుకు మందులా కనిపించే ఉత్త సరుకు. ఉత్త సరుకు తాగినవాళ్లకు ఎంత తగ్గిందో తీసేస్తే మిగిలేదే మందు గొప్ప. బామ్మర్ది ఒక్కడే గనక ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

ఇంకొక చిక్కుంది, ఇది నాకు మరీ నచ్చుతుంది. సీసాతో పాటు పత్యం ఇస్తారు. ఉప్పు బంద్, తొక్కు బంద్, కల్లు బంద్, బీడీ బంద్, పొద్దున లేచి చెరువు కట్ట మీద నడవాలి. ఇవన్నీ నెల రోజులు నిజంగా పాటించినవాడికి బీపీ దిగకపోతే ఆశ్చర్యపడాలి గానీ దిగితే ఆశ్చర్యమేముంది? ఈ మాటే సర్కారు దవాఖానలో డాక్టరు చెబితే ‘రెండు మాటలు చెప్పి పంపిండు, సూది గూడ ఎయ్యలే’ అని తిట్టుకుంటూ వచ్చినవాడే, సీసాకు డబ్బులు పోశాడు కాబట్టి పత్యానికి కట్టుబడతాడు. పత్యం పనిచేస్తే పేరు పసరుది. పని చేయకపోతే తప్పు రోగిది: ‘దావత్‌ల కూర తిన్నవు గదా, గందుకే పట్టలే.’ ఇంత పకడ్బందీ వ్యాపారం బొంబాయి షేర్ మార్కెట్టులో కూడా లేదు. ఆ బామ్మర్ది దవాఖానలో ఇచ్చిన బీపీ గోలీలు పొద్దున పూట వేసుకుంటూనే ఉన్నాడన్న సంగతి ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

చచ్చినవాడు అంగడికి రాడు. బాగైనవాడు వస్తాడు, మైకు పట్టుకుంటాడు, ఆటో డ్రైవర్‌తో ఫొటో కూడా దిగుతాడు. గోలీలు ఆపి, సీసా నమ్మి, సంక్రాంతి లోపల ఒక పక్క పడిపోయినవాడి ఇంట్లోవాళ్లు ‘రాత అట్లుంది’ అంటారే గానీ సీసా వాడిని వెతుక్కుంటూ రారు. వచ్చినా ఆటో దొరకదు. అది పై వారం కొడంగల్‌లోనో పరిగిలోనో ఉంటుంది.

మూడో సాక్ష్యం ‘సైడ్ ఎఫెక్ట్స్ లేవు’ అనేది. ఏ ప్రభావమూ లేనిదానికి పక్క ప్రభావం ఎక్కడినుంచి వస్తుందని వాదించవచ్చు గానీ, అదీ నిజం కాదు. అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను అక్కడి వైద్యులు పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించారు. 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. అయిదింట ఒకటి. చెట్టు తప్పు లేదు, డబ్బాలోకి ఏం దూరిందో చూసేవాడు లేకపోవడమే తప్పు. రక్తం పలచబడడానికి ఎసిట్రోమ్ వాడే గుండె రోగి ఎవరో చెప్పారని వెల్లుల్లి క్యాప్సూల్స్ కూడా దండిగా మింగితే రెండూ కలిసి రక్తస్రావం దాకా పోయే ప్రమాదముంది. ఆ మాట మైకులో వినిపించదు, అట్టపెట్టె మీద అచ్చు కాదు.

‘హాని లేదు’ అన్న మాటకు మన తెలుగు నేల మీద ఎంత మహత్తుందో కరోనా రెండో అలలో చూశాం. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర జనం మైళ్ల కొద్దీ బారులు తీరారు. అక్కడ ఆనందయ్య అనే నాటు వైద్యుడు పంచిన మందును 2021 మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించింది, కంట్లో వేసే చుక్కలను మాత్రం పక్కన పెట్టి. హాని ఉన్నట్టు తేలలేదు, కొవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారమూ లేదు. ఇదీ ఆ నిర్ణయం వెనకున్న నివేదికల సారం. ఊళ్లోకి వచ్చేసరికి రెండో ముక్క రాలిపోయింది, మొదటిది ‘సర్కారే ఓకే చేసింది’ అయి కూర్చుంది. చెరువు నీళ్లు కాచి వడపోసి తాగినా హాని లేదు. దానికి లైసెన్సు అడిగినవాళ్లు లేరు.

ఇంతవరకు చదివి, ఇతగాడు ఇంగ్లిషు మందుల ఏజెంటని అనుకునేవాళ్లకు ఒక చెట్టు కథ చెబుతాను. సర్పగంధ. మన అడవుల్లో దొరికే మొక్కే, ఆయుర్వేద వైద్యులూ హకీములూ వాడుతూ వచ్చినదే. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు 1931లోనే దాని వేరు రక్తపోటును దించుతుందనీ, మతి చలించినవాళ్లను నెమ్మదింపజేస్తుందనీ వ్యాసం రాశారు. సేన్ స్వయంగా పేరుపొందిన ఆయుర్వేద పండితుడు, తాను నమ్మిన మొక్కను నలుగురి ముందు పెట్టడానికి భయపడలేదు. బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులకు ఇచ్చి చూసి 1949లో బ్రిటన్ హృద్రోగ పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విట్జర్లాండ్ సీబా కంపెనీ రసాయనవేత్తలు ఆ వేరులోంచి రిసర్పిన్ వేరు చేశారు. పాత తరం బీపీ రోగులకు గుర్తుండే అడెల్ఫేన్ గోలీలో ఉన్నది ఆ పదార్థమే.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో 143 మంది మగవాళ్లను, కింది బీపీ 115 నుంచి 129 దాకా ఉన్నవాళ్లను, రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రిసర్పిన్‌తో పాటు మరి రెండు మందులు, ఇంకొక గుంపుకు ఉత్త గోలీలు. 1967లో ఫలితం వచ్చింది. ఉత్త గోలీల గుంపులో తీవ్రమైన ముప్పులు 27, అందులో చావులు నాలుగు. మందుల గుంపులో ముప్పులు రెండు, చావు ఒక్కటీ లేదు. బీపీని దించితే మనిషి బతుకుతాడని ప్రపంచానికి గట్టిగా చూపిన తొలి పరీక్షల్లో మన సర్పగంధ ఒక చెయ్యి వేసింది. ఇంతకన్నా గౌరవం ఒక మూలికకు ఏం కావాలి? అదే పరిశోధనల వరసలో దాని అవలక్షణాలూ బయటపడ్డాయి: మత్తు, ముక్కు దిబ్బడ, కొందరిలో దిగులు. మెరుగైన మందులు రాగానే వెనక్కి జరిగింది. పనిచేసే మందుకు ఇలాంటి జీవిత చరిత్ర ఉంటుంది. ఏ మచ్చా లేని చరిత్ర ఉన్న మందు కనిపిస్తే, దాని చరిత్ర ఎవరూ రాయలేదని అర్థం.

ఇప్పుడు మైకులో ఎక్కువగా వినిపించే చెట్టుకు వద్దాం. తెల్లమద్ది. సంస్కృతంలో అర్జున, మన వాగుల గట్ల మీద నున్నటి తెల్లని మొద్దుతో నిలబడే చెట్టు. గుండె జబ్బుకు దాని బెరడు వాడడం ఆయుర్వేదంలో పాతదే, నిరాధారమైన కల్పన కాదు. ఇండోర్ వైద్యులు 1995లో పరీక్షించారు. ఏ మందుకూ లొంగని గుండె బలహీనత ఉన్న 12 మందికి రెండు వారాలు ఇచ్చి, ఉత్త గోలీతో పోల్చి చూస్తే మేలు కనిపించింది. వాళ్లే 2002లో ఛాతీ నొప్పి ఉన్న 58 మంది మగవాళ్లకు, ఒక్కో మందు వారం చొప్పున ఇచ్చి, మళ్లీ మంచి ఫలితమే చెప్పారు. ఇంతవరకు వచ్చి ప్రచారం ఆగిపోతుంది. ఏ కరపత్రం తిరగేసినా చరిత్ర అక్కడే ముగుస్తుంది.

చరిత్ర మాత్రం ఆగలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు గుండె బలహీనత ఉన్న 100 మంది మీద 12 వారాల పరీక్ష చేసి 2016లో ప్రకటించారు. బెరడు నీటి సారం 750 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. ఎవరు మందు తాగుతున్నారో రోగికీ తెలియదు, ఇచ్చేవాడికీ తెలియదు. గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం తోస్తుందన్న అసలు లెక్కలో మెరుగు లేదు. కొందరిలో నడక, రోజువారీ సుఖం కొంత మెరుగుపడ్డాయి, అదీ నిజాయితీగా రాశారు. రోగులు పన్నెండు మందైతే అద్భుతం, వంద మందైతే ‘కొందరిలో కొంత’. రోగుల సంఖ్య పెరిగినకొద్దీ మహిమ తగ్గే మందును ఏమనాలో చదువరులే తేల్చుకోవాలి. ‘మా శాస్త్రంలో పాలలో కాచి ఇస్తాం, నీటి సారం ఇస్తే ఎట్లా?’ అని వైద్యుడెవరైనా అడిగితే అది మాత్రం సరైన ప్రశ్న. జవాబు కూడా సులువే: పాలలో కాచి ఇచ్చి, మరో వంద మంది మీద చూడండి. బెరడు తెల్లమద్దిదో నల్లమద్దిదో ముందు తేల్చుకోండి, సంచిలో పడ్డాక రెండూ బెరడే.

ఎల్లిగడ్డ కథ చిన్నది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 192 మందిని పట్టుకుని, కొందరికి పచ్చి ఎల్లిగడ్డ దంచి శాండ్‌విచ్‌లలో పెట్టి, కొందరికి రెండు రకాల ఎల్లిగడ్డ గోలీలు, మిగిలినవాళ్లకు ఉత్త గోలీలు ఇచ్చి ఆరు నెలలు తినిపించారు. 2007లో తేలిందేమిటంటే చెడు కొలెస్ట్రాల్ ఎవరికీ దిగలేదు, నోటి వాసన సంగతి వేరు. బీపీని కొద్దిగా తగ్గిస్తుందన్న చిన్న పరీక్షలు ఉన్నాయి, అవి అంత గట్టివి కావు. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు దాదాపు 200 మందికి ఎల్లిగడ్డ, పసుపు, దాల్చినచెక్క, చేపనూనె వగైరా ఒక్కొక్కటీ ఒక్కో గుంపుకు ఇచ్చి, ఒక గుంపుకు మాత్రం చౌక రకం రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాములు ఇచ్చారు. 28 రోజుల్లో ఆ గోలీ చెడు కొలెస్ట్రాల్‌ను 37.9 శాతం దించింది. పోపుల డబ్బాలో ఉన్నవేవీ ఉత్త గోలీని మించలేదు. కూరకు పోపు పెట్టడం మానమని ఎవరూ అనలేదు.

ఇక్కడ ఆఖరి బాణం వస్తుంది: “గియ్యన్ని ఇంగ్లిషు మందులోళ్ల కుట్ర సార్. స్టెంట్ ఏసి లక్షలు గుంజుతరు, వాళ్లనడుగు.”

అడిగారు. వాళ్లను వాళ్లే అడిగారు. లండన్ వైద్యులు 200 మంది ఛాతీ నొప్పి రోగులను తీసుకుని, సగం మందికి నిజంగా స్టెంట్ వేశారు, సగం మందిని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం ఎక్కించి, ఏమీ వేయకుండా దించారు. రోగికి చెప్పలేదు, తర్వాత చూసే డాక్టరుకూ చెప్పలేదు. 2017లో ఫలితం: మందులు సరిగ్గా వాడుతున్న అలాంటి రోగుల్లో నడక సమయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కార్పొరేట్ ఆస్పత్రుల నోట్లో వెలక్కాయ పడింది. 2023లో ఇంకొక పరీక్షలో ఛాతీ నొప్పి మందులు ఆపేసినవాళ్లకు స్టెంట్‌తో నొప్పి తగ్గినట్టు తేలింది, అదీ ప్రకటించారు. గుండెపోటు వచ్చి పడ్డవాడికి స్టెంట్ వేయడం వేరే సంగతి, దాంట్లో ప్రాణం నిలుస్తుంది. మన దేశంలో 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం ధరకు పగ్గం వేసేదాకా స్టెంట్ల మీద ఆస్పత్రులు లాగిన డబ్బు లెక్కలు ఎవరూ మరిచిపోలేదు, మరవకూడదు. కానీ దొంగ స్టెంట్ ఒకటి ఉందని రుజువైతే నకిలీ పసరు నిజమవదు. రెండు దొంగతనాలు కలిస్తే ఒక వైద్యం కాదు.

వికారాబాద్‌లో కూర్చుని పరీక్షంటే భయపడడం నాకు మరీ విడ్డూరంగా ఉంటుంది. ‘వికారాబాద్ కీ హవా, లాఖోం మరీజోంకీ దవా’ అన్న నానుడి ఈ జిల్లాలో పిల్లలకు కూడా నోటికొచ్చు. అనంతగిరిలో నిజాం ఏలుబడి నాటి టీబీ ఆస్పత్రి ఆ నమ్మకం మీదే నిలిచింది. క్షయ రోగిని కొండ మీద పడుకోబెట్టు, చెట్ల గాలి పీల్చనీ, గుడ్డూ పాలూ పెట్టు, విశ్రాంతి ఇవ్వు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో తెరిచింది ఇలాంటి ఆలోచనతోనే. మనకు అనుభవముంది, నానుడి ఉంది, సాక్షులున్నారు, నవాబు దీవెన కూడా ఉంది. మైకు ఆటోకు ఇందులో సగం పెట్టుబడి లేదు.

ఆ గాలిని కూడా పరీక్షకు నిలబెట్టారు. మద్రాసులో 1956లో పెట్టిన క్షయ కీమోథెరపీ కేంద్రంలో 193 మంది పేద రోగులను చీటీ వేసినట్టు రెండుగా విడదీశారు. రెండు గుంపులకూ ఒకటే మందులు, ఏడాది పాటు. సగం మంది శానటోరియంలో మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి. మిగిలిన సగం మంది మద్రాసు ఇరుకు ఇళ్లలోనే, దొరికింది తిని, పని చేసుకుంటూ. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లు దాదాపు శానటోరియం వాళ్లంత బాగా కోలుకున్నారు. పనిచేసింది మందు, గాలి కాదు. ప్రపంచమంతా క్షయ వైద్యం కొండల మీంచి దిగి ఇళ్లలోకి వచ్చింది, లక్షల మంది పేదలకు మందు అందింది. అనంతగిరి చిన్నబోయిందా? కొండ అక్కడే ఉంది, చెట్లు అక్కడే ఉన్నాయి, గాలి ఇప్పటికీ హాయిగానే ఉంటుంది. ఒక కొండనూ ఒక నవాబునూ నిలదీసిన ప్రశ్న ఒక సీసాను అడిగితే శాస్త్రద్రోహమెలా అవుతుంది?

పోనీ, మన పప్పును చూడండి. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికే రాలేదు. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెట్టుకుంది. ఇక్కడి నల్లరేగడిలో అట్టాపుల్గైట్ అనే బంకమట్టి ఉందనీ, కింద సున్నపురాయి ఉందనీ, పప్పులో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతమనీ, త్వరగా ఉడుకుతుందనీ కాగితాల మీద చూపించింది. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని ప్రకటించాకే ముద్ర వేశారు. పప్పు ఉడకకపోతే పులుసు పాడవుతుంది, అంతే. దానికి ఇంత తతంగం! గుండెకు వేసే మందు పాత గ్రంథంలో చెప్పినట్టే తయారుచేస్తే లైసెన్సు కోసం కొత్తగా మనుషుల మీద పరీక్ష చూపించాల్సిన పనే లేదు. గ్రంథంలో ఉంటే చాలు. గ్రంథకర్తను అడుగుదామంటే ఫోన్ ఎత్తడు.

చట్టం లేదనుకునేరు. 1954లోనే ఉంది. మాయ మందుల ప్రకటనల చట్టం. గుండె జబ్బులు, బీపీ, పక్షవాతం, రక్తనాళాలు గట్టిపడడం, అన్నీ అందులోని జాబితాలో ఉన్నాయి. వీటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. తాండూరు అంగడి మైకు ఈ లెక్కన ప్రతి గంటకూ శిక్ష కూడబెట్టుకుంటోంది గానీ, దాని పక్కనే బండి మీద మిర్చిబజ్జీ తింటూ నిలబడే రక్షకభటుడికి ఆ పాట లోకల్ రేడియోలా వినబడుతుంది.

పెద్దవాళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. ఆయుర్వేద మందుల ప్రకటనకు ముందే అనుమతి తీసుకోవాలన్న 170వ నిబంధన 2018లో వచ్చింది. 2024 జులైలో కేంద్ర ఆయుష్ శాఖ దాన్ని తీసేస్తున్నట్టు నోటిఫికేషన్ ఇచ్చింది, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీసివేత మీద స్టే ఇచ్చింది, 2025 ఆగస్టులో కేసే ముగిసి స్టే కూడా పోయింది. ఈలోపల తన మందుల ప్రకటనలకు పతంజలి సంస్థ కోర్టుకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 67 పత్రికల్లో క్షమాపణ వేశామంటే, మీ ప్రకటనలు ఎంత పెద్దవో ఇదీ అంత పెద్దదేనా అని 2024 ఏప్రిల్‌లో జడ్జీలు అడిగారు. మర్నాడు పెద్దది వచ్చింది. అదే నెలలో ఉత్తరాఖండ్ అధికారులు ఆ గ్రూపు తయారుచేసే 14 ఉత్పత్తుల లైసెన్సులు ఆపేశారు, పేరులోనే బీపీ పెట్టుకున్నది ఒకటి వాటిలో ఉంది. నెల గడిచాక ఆ ఉత్తర్వూ పక్కకు పోయింది. రోగి బీపీ సంగతి ఎలా ఉన్నా, ఉత్తర్వుల బీపీ పైకీ కిందికీ ఇంత బాగా ఆడటం నేనింకెక్కడా చూడలేదు.

అమ్మేవాడిని మాత్రమే తిట్టి ఊరుకుంటే అన్యాయం. నాపరాతి గనిలో పనిచేసే మనిషి బీపీ గోలీ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని దవాఖానకు వస్తే, వరసలో రెండు గంటలు, డాక్టరు ముందు రెండు నిమిషాలు. ఈ గోలీ ఎన్నాళ్లు వేసుకోవాలో, నొప్పి లేకపోయినా ఎందుకు వేసుకోవాలో చెప్పే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. ‘జిందగీ మొత్తం’ అని ఒక్క మాట విసిరితే, ఆ మాట వినలేకే అతను అంగడిలో మైకు ముందు నిలబడతాడు. మైకువాడు ‘అన్నా’ అంటాడు, నాడి పట్టుకుంటాడు, మీ నాయినకు కూడా ఇట్లనే ఉండెనా అని అడుగుతాడు, మూడు నెలల్లో గోలీలకు సెలవంటాడు. సీసాలో అమ్ముడుపోయేది ఆ సెలవే. ఆ పదిహేను నిమిషాల పలకరింపును సర్కారు దవాఖాన పెట్టగలిగితే సగం ఆటోలు కందులు మోసుకోవడానికి పోతాయి.

కాబట్టి వైద్యరాజుకు నాదొక బేరం. నీ మందును తిట్టను, ఎగతాళి చేయను. రెండు వందల మంది బీపీ రోగులను తెద్దాం. వాళ్ల గోలీలు ఒక్కటీ ఆపవద్దు, అది మొదటి కట్టుబాటు. సగం సీసాల్లో నీ పసరు, సగం సీసాల్లో అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్త నీళ్లు. చేదు దేంతో తేవాలో ఫార్మసీ కాలేజీ వాళ్లు చూసుకుంటారు. సీసాల మీద అంకెలు తప్ప ఏమీ ఉండవు. పత్యం అందరికీ ఒకటే. కొలిచేముందు అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి, ఒకే చేతికి రెండుసార్లు కొలవాలి, కొలిచే పిల్లకు ఏ సీసా ఎవరిదో తెలియకూడదు. ‘మంచిగనిపిస్తుందా అన్నా’ అని అడగడం లేదు, అంకె ఒక్కటే లెక్క. ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, దేశంలో క్లినికల్ పరీక్షలు నమోదు చేసే రిజిస్ట్రీలో రాయించాలి, ఫలితం నచ్చకపోతే మాయం చేయడానికి వీల్లేకుండా. పన్నెండు వారాలు. పడిపోయినవాళ్ల పేర్లు కూడా పుస్తకంలో ఉండాలి, వదిలేసి పోయినవాళ్లవీ ఉండాలి.

“అట్ల అందరి ముందు రాసిపెడితే మందు గుణం పోతది సార్. చెప్పగూడదు, గురువు మాట.”

తెలుసు, ప్రతి గురువూ ఆ మాటే చెప్పి పోయాడు. అందుకే నీ మూలిక పేరు అడగడం లేదు, నీ దగ్గరే ఉంచుకో. ఏ అంకెలో పసరుందో, ఏ అంకెలో నీళ్లున్నాయో రాసిన కాగితం మాత్రం కవరులో పెట్టి లక్క ముద్ర వేయాలి. నీ దగ్గర ఉంచితే నేనొప్పుకోను, డాక్టర్ల దగ్గర ఉంచితే నువ్వొప్పుకోవు. యాలాలలో ఉంచుదాం. పప్పు ఎక్కడిదో కాగితం మీద నిరూపించినవాళ్లు, పసరు సంగతి కూడా చూడగలరు.